దారికీ ఒక హక్కుంది

ఉప్పల్ కలాన్, ఉప్పల్ భగాయత్ అనే రెండు పేర్లు రెవెన్యూ దస్త్రాల్లో నేటికీ అలాగే ఉన్నాయి. 'కలాన్' అంటే పెద్దదని, 'బాగాత్' అంటే తోటలని ఉర్దూ తెలిసిన మన పాఠకులకు వేరే చెప్పనక్కర లేదు. మూసీ ఒడ్డున ఉన్న ఆ భగాయత్‌లోని ప్లాట్లనే హెచ్.ఎం.డి.ఏ. 2019లో గజాల లెక్కన వేలం వేసింది. తోట పోయింది, గజం వచ్చింది. పేరు మాత్రం మార్చాలని ఎవరికీ తోచలేదు.

ఊరు పెరగడాన్ని మేము తప్పు పట్టడం లేదు. పాతబస్తీలో రెండు గదుల ఇంట్లో ముగ్గురు అన్నదమ్ముల కుటుంబాలు సర్దుకుని బతికిన కాలం మనందరికీ తెలుసు. అద్దెలు కట్టలేక, వాటాలు తెగక, అమ్మీ చేతి గాజులు అమ్మి, గల్ఫ్ నుండి కొడుకు పంపిన సొమ్ము కలిపి బోడుప్పల్‌లోనో, చెంగిచర్లలోనో, నారపల్లిలోనో, ఘట్‌కేసర్‌లోనో నూరు గజాలు కొనుక్కున్నవారిని వేలెత్తి చూపే హక్కు ఎవరికీ లేదు. మా ప్రశ్న వేరు. ఆ స్థలం అమ్మినవాడు, ఇంటికి అనుమతి ఇచ్చినవాడు, ఇంటి పన్ను వసూలు చేసినవాడు - ఈ ముగ్గురిలో ఒక్కరైనా ఆ ఇంట్లోని మనిషి తెల్లవారితే పనికి ఏ దారిన పోతాడని ఆలోచించారా?

ఘట్‌కేసర్ నుండి ఉప్పల్ రింగ్ రోడ్డు చౌరస్తాకు సుమారు 15 కిలోమీటర్లు. ఉదయం ఎనిమిదిన్నరకు ఇంటి నుండి బయలుదేరినవాడు ఈ దూరాన్ని ఎంతసేపట్లో దాటగలడో ముందుగా చెప్పగల ధైర్యవంతుడు ఆ ప్రాంతంలో లేడు. కారణం కోసం పెద్ద పరిశోధన చేయనక్కర లేదు. చేప ముల్లును చూస్తే చాలు. నడుమ ఒక వెన్నెముక, దానికి రెండు పక్కలా సన్నని ముళ్ళు. ఒక ముల్లు నుండి పక్క ముల్లుకు పోవాలంటే వెన్నెముక మీదికి రాక తప్పదు. ఇక్కడి కాలనీలు అలా తయారయ్యాయి. ప్రతి వెంచర్ యజమానీ తన లేఅవుటు నుండి వరంగల్ రోడ్డుకు ఒక దారి గీసుకున్నాడు. పక్క వెంచర్‌కు దారి వదిలితే నాలుగు ప్లాట్లు తగ్గుతాయి కనుక అక్కడ గోడ కట్టాడు. ఫలితంగా పక్క కాలనీలోని దుకాణంలో పాలపొట్లం కొనాలన్నా జాతీయ రహదారి ఎక్కవలసిన దుస్థితి ఏర్పడింది. అదే రోడ్డు మీద వరంగల్ బస్సులు, లారీలు, యాదగిరిగుట్ట యాత్రికుల కార్లు, బీబీనగర్ ఎయిమ్స్‌కు పోయే రోగులు, ఘట్‌కేసర్ చుట్టుపక్కల ఇంజనీరింగు కళాశాలల బస్సులు. వీటన్నిటి నడుమ పాలపొట్లం కోసం వచ్చిన మన స్కూటరు.

ఇదంతా ఒక్కరోజులో జరిగింది కాదు. నాచారం, ఉప్పల్ పారిశ్రామికవాడలు వచ్చినప్పుడు కార్మికులు వాటి చుట్టూనే ఇళ్ళు వేసుకున్నారు. సైకిలు మీదో, నడిచో పనికి పోయేవారు. 2007లో ఉప్పల్ కలాన్ పురపాలక సంఘం మరికొన్నిటితో పాటు హైదరాబాదులో కలిసి జి.హెచ్.ఎం.సి. ఏర్పడింది. ఆ గీతకు ఇవతల ఉన్న బోడుప్పల్, పీర్జాదిగూడ, పోచారం, ఘట్‌కేసర్ మాత్రం అప్పటికి గ్రామ పంచాయతీలే. నగరం ధరలు గీత దాటి వచ్చాయి, నగరం నియమాలు రాలేదు. 158 కిలోమీటర్ల బాహ్యవలయ రహదారి ఘట్‌కేసర్‌ను తాకింది, పోచారంలో ఇన్ఫోసిస్ వంటి సంస్థలు వచ్చాయి, మామిడి తోటలు కాలనీలయ్యాయి. పంచాయతీలు పురపాలక సంఘాలయ్యాయి, వాటిలో బోడుప్పల్, పీర్జాదిగూడ నగరపాలక సంస్థలు కూడా అయ్యాయి. 2025 చివరలో ఇవన్నీ జి.హెచ్.ఎం.సి.లో కలిశాయి. బోర్డు మీద పేరు ఇన్నిసార్లు మారినా వీధి వెడల్పు ఒక్క అడుగు మారలేదు.

అనుమతి లేని లేఅవుట్లను క్రమబద్ధీకరిస్తామని ప్రభుత్వం 2020లో దరఖాస్తులు పిలిస్తే రాష్ట్రమంతటా సుమారు 25 లక్షలు వచ్చాయి. ఆలోచించదగిన సంఖ్య ఇది. స్థలం అమ్మినవాడు సొమ్ము తీసుకుని తన దారిన తాను పోయాడు. రుసుము కొన్నవాడి నెత్తిన పడింది. పోనీ, రుసుము కట్టినందువల్ల కాగితం సరి అవుతుంది. ఇరవై అడుగుల వీధి ముప్పై అడుగులు అవుతుందా?

దారి వెడల్పు అనేది నేటి ఇంజనీర్లు కనిపెట్టిన విషయం అనుకునేవారు మనలో ఉన్నారు. దారి విషయంలో తగవు వస్తే ఏడు మూరలు వదలాలని దైవప్రవక్త (స) తీర్పు చెప్పినట్లు బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలు రెంటిలోనూ ఉంది. మూర అంటే సుమారు అడుగున్నర. ఏడు మూరలంటే పదిన్నర అడుగులు. సరుకు మోసే ఒంటెలు ఒకదాన్నొకటి ఒరుసుకోకుండా ఎదురెదురుగా పోగల వెడల్పు అది. హిజ్రీ 17లో హజ్రత్ సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) కూఫా నగరాన్ని నిర్మించేటప్పుడు ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి) పంపిన ఆదేశాలను చరిత్రకారుడు తబరీ నమోదు చేశారు. పెద్ద రోడ్లు 40 మూరలు, తర్వాతవి 30, ఆ తర్వాతవి 20, సందులు 7 మూరలు - అంతకు తగ్గకూడదు. గమనించవలసింది అంకెలు కాదు, వరుస. ముందు రోడ్లు గీశారు, తర్వాత ఇళ్ళ స్థలాలు పంచారు. మదర్సాలో ఫిఖహ్ చదివే పిల్లవాడికి కూడా బాటకు ఉన్న హక్కుల గురించి, ఇంటి చూరు ఎంతవరకు బయటికి రావచ్చన్న దాని గురించి పాఠాలు ఉంటాయి. మన దగ్గర ముందు ప్లాట్లు అమ్మి, తర్వాత ఇళ్ళు కట్టి, చివరికి రోడ్డు ఎక్కడ వేయాలని వెతుకుతున్నాం.

ఇక ఉప్పల్ స్తంభాల సంగతి. ఉప్పల్ నుండి నారపల్లి వైపు ఆరు కిలోమీటర్ల పైచిలుకు ఎత్తైన రోడ్డుకు 2018లో శంకుస్థాపన జరిగింది. రద్దీ తగ్గించడానికే ఆ పని తలపెట్టారు. ఉద్దేశాన్ని మేము శంకించడం లేదు. కానీ భూసేకరణ చిక్కులతోనూ, పనులు నిలిచిపోవడంతోనూ 2025 గడిచినా అది పూర్తి కాలేదు. రోడ్డు నడుమ స్తంభాలు లేచి నిలబడ్డాయి. వాటికోసం తవ్విన రోడ్డు ఇరుకైంది, వానకు గుంతలు పడింది, ఎండకు దుమ్ము లేచింది. శంకుస్థాపన నాడు ఒకటో తరగతిలో చేరిన పిల్లలు ఆ దుమ్ములోనే హైస్కూలుకు వచ్చారు. కడుతున్నంత కాలం కింది రోడ్డును నడవదగినట్లు ఉంచడం ఏ శాస్త్రంలో లేని కోరిక? దుకాణం మరమ్మతు చేసే చిన్న మేస్త్రీ కూడా గడప ముందు ఒక పలక వేసి మనుషులు నడిచే ఏర్పాటు చేస్తాడు.

ఇటువంటి స్తంభాలు మనకే ప్రత్యేకం కావు. థాయిలాండు రాజధాని బ్యాంకాక్‌లో హోప్‌వెల్ అనే పథకం కింద రైలుకు, కార్లకు కలిపి పైన మార్గం కట్టడానికి 1990లో ఒప్పందం కుదిరింది. 1997లో ఆర్థిక సంక్షోభం వచ్చింది, పని నిలిచింది, 1998లో ఒప్పందం రద్దయింది. డాన్ ముయాంగ్ విమానాశ్రయానికి పోయే రైలు పట్టాల పక్కన ఆ స్తంభాలు ఏళ్ళ తరబడి మోడుల్లా నిలబడి ఉండేవి. చివరికి చాలా స్తంభాలను పడగొట్టి, అదే దారిలో కట్టిన సబర్బన్ రైలు 2021లో నడిచింది. అంటే ఒక తరం మనుషులు రోడ్డు మీద ఆగిన వాహనాల్లో కూర్చుని ఆ స్తంభాలను చూస్తూనే ముసలివారయ్యారు. మన స్తంభాలకు ఆ గతి పట్టకూడదని కోరుకుందాం. పట్టదన్న హామీ ఎవరైనా తేదీతో సహా ఇచ్చి, ఆ తేదీకి కట్టుబడితే సంతోషిస్తాం.

ఈ ఆలస్యం ఖరీదు ఎవరు చెల్లిస్తున్నారు? పెట్రోలు ఖర్చు లెక్క అందరూ వేస్తారు. ఉపాధ్యాయులం కనుక మాకు కనబడే లెక్క ఇంకొకటి. మొదటి పీరియడులో బల్ల మీద తలవాల్చే పిల్లవాడు రాత్రి సినిమా చూశాడని అనుకుంటాం. అడిగితే తెలుస్తుంది, వాడు ఆరింటికి ముందే ఆటో ఎక్కినవాడని. మరీ బాధాకరమైనది ఆడపిల్లల విషయం. ఇంటర్ మంచి మార్కులతో పాసైన అమ్మాయికి నగరంలో డిగ్రీ సీటు వస్తుంది. ఇంట్లో చదువుకు అభ్యంతరం లేదు, ఫీజుకూ ఏదో దారి దొరుకుతుంది. "సాయంత్రం ఐదింటికి కాలేజీ వదిలితే చీకటి పడ్డాక గానీ ఇల్లు చేరదు, ఎలా పంపమంటారు మౌల్సాబ్?" అని తండ్రి అడుగుతాడు. ధైర్యం చెప్పగలం గానీ ఆ ప్రశ్నకు జవాబు మా దగ్గర లేదు. మన సమాజంలో ఆడపిల్లల చదువు ఆగడానికి ఛాందసమే కారణమని బయటివారు తేలికగా రాసేస్తారు. ఛాందసం లేదని మేము అనము. కానీ కొన్ని ఇళ్ళలో ఆ చదువును ఆపింది మేడిపల్లి దగ్గర కదలని బస్సు. దాని గురించి కూడా ఎవరైనా రాయాలి.

2023 డిసెంబరు నుండి రాష్ట్రంలో ఆడవారికి ఆర్టీసీ బస్సు ప్రయాణం ఉచితమైంది. మంచి పని. పేదింటి తల్లికి నెలకు కొన్ని వందలు మిగిలాయి. అయితే ఉచితమైంది టిక్కెట్టే గానీ సమయం కాదు. బస్సు కూడా కార్ల వెనకనే నిలబడాలి. నిజాం కాలంలో, 1932లో, ఇరవై ఏడు బస్సులతో మొదలైన ప్రభుత్వ రవాణా సంస్థ వారసురాలు ఇది. దాని బస్సుకు నగరంలో ఒక్క వరుస దారి కూడా ప్రత్యేకంగా కేటాయించలేకపోయాం. యాభై మందిని మోసే బస్సు, ఒక్కరిని మోసే కారు రోడ్డు మీద సమానం అనడం న్యాయమా?

కొంత మేలు జరగలేదని కాదు. 2017 నవంబరులో నాగోలు నుండి మెట్రో రైలు నడిచింది. ఉప్పల్ నుండి సికింద్రాబాదు, అమీర్‌పేట పోయేవారికి ఎంతో సౌకర్యమైంది. 2023లో ఉప్పల్ చౌరస్తాలో పాదచారులకు ఆకాశ వంతెన తెరిచారు. వృద్ధులు, పిల్లలు ప్రాణాలు అరచేత పెట్టుకుని రోడ్డు దాటే బాధ అక్కడ తప్పింది. కానీ మెట్రో ఎక్కాలంటే ముందు ఉప్పల్ చేరాలి కదా! ఘట్‌కేసర్, నారపల్లి, బోడుప్పల్ జనమంతా ఆటోల్లో, స్కూటర్లలో ఆ ఒక్క చౌరస్తాకే వచ్చి పడుతున్నారు. క్రికెట్ మ్యాచ్ ఉన్న రోజున అక్కడి పరిస్థితి వర్ణించనక్కర లేదు. ఉప్పల్ నుండి ఘట్‌కేసర్ మీదుగా బీబీనగర్ దాకా మెట్రో వేస్తామని 2023లో అప్పటి ప్రభుత్వం ప్రకటించింది. 2024లో తర్వాతి ప్రభుత్వం ఆమోదించిన రెండో దశ మార్గాల్లో ఈ దారి లేదు. ప్రభుత్వం మారితే రైలు మాయం కావడం మనకు అలవాటైన సంగతే.

పోచారంలో ఒక కాలనీని జనం 'సింగపూర్ టౌన్‌షిప్' అని పిలుస్తారు. పేరు బాగుంది. అసలు సింగపూరులో ఏం చేశారో కూడా తెలుసుకుంటే ఇంకా బాగుంటుంది. నగరం నడిబొడ్డుకు రద్దీ వేళ కారులో వచ్చేవారి నుండి 1975లోనే రుసుము వసూలు చేయడం మొదలుపెట్టారు. 1990 నుండి కొత్త కారు కొనాలంటే ముందు వేలంలో అనుమతి పత్రం కొనుక్కోవాలి. ఆ పత్రానికే కారు ధరంత అయ్యే సందర్భాలున్నాయి. అలా కారును కష్టం చేసి, 1987 నుండి రైళ్ళు నడిపారు, బస్సులు పెంచారు, రైలు స్టేషన్ల చుట్టూ సామాన్యుల ఇళ్ళు కట్టారు. మనం పేరు మాత్రం తెచ్చుకుని కారుకు అప్పు ఇప్పిస్తున్నాం.

సింగపూరు ధనవంతుల ఊరు, మనతో పోలికేమిటని కొందరనవచ్చు. జకార్తాను చూడండి. ప్రపంచంలో ముస్లిములు అత్యధికంగా ఉన్న దేశపు పెద్ద నగరం అది; చుట్టూ బొగోర్, దెపోక్, తంగేరాంగ్, బెకాసీ పట్టణాలు దానిలో కలిసిపోయి ఎక్కడ ఊరు మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలియదు. మనకంటే మించిన రద్దీ. రోడ్లు వెడల్పు చేశారు, పైన సుంకపు రోడ్లు కట్టారు, అవి నిండిపోయాయి. రోడ్డు పెరిగితే దాని వెంట ఇంకో పది కిలోమీటర్ల అవతల ప్లాట్లు అమ్ముడవుతాయి, అక్కడివారంతా మళ్ళీ అదే రోడ్డెక్కుతారు - ఇది అక్కడా అంతే, ఇక్కడా అంతే. అప్పుడు వారు 2004లో బస్సులకు ప్రత్యేక వరుసలు వేరు చేశారు. ఇక జకార్తా - బొగోర్ రైలు మార్గం 1873 నాటిది, డచ్చివారు వేసింది. ఒకప్పుడు జనం ఆ బండ్ల పైకప్పుల మీద కూర్చుని ప్రయాణం చేసేవారు. ఆ పాత పట్టాల మీదనే బండ్లు పెంచి, టిక్కెట్ల పద్ధతి మార్చి, స్టేషన్లు బాగుచేసి నేడు రోజూ లక్షలాది మందిని పనులకు చేరుస్తున్నారు. జకార్తాలో రద్దీ పోయిందా అంటే పోలేదు. కానీ కారు లేనివాడికి ఒక దారి దొరికింది.

ప్రభుత్వాన్ని అడిగే ముందు మన గడప వంక కూడా చూసుకోవలసిన విషయాలు కొన్ని ఉన్నాయి. శుక్రవారం జుమా వేళ మస్జిదు ముందు రోడ్డుకు రెండు వైపులా స్కూటర్లు నిలిపి, నడుమ అంబులెన్సు కూడా పోకుండా చేసేవారున్నారు. దారిలోని ముల్లును తొలగించడం ఈమాన్‌లో ఒక శాఖ అని లోపల ఖుత్బాలో వింటూనే, బయట తన స్కూటరే ముల్లయిందని గుర్తించరు. మస్జిదు కమిటీలు నలుగురు యువకులను నిలబెట్టి వాహనాలను ఒక వరుసలో పెట్టించడం ఖర్చు లేని పని. కొన్ని చోట్ల చక్కగా చేస్తున్నారు కూడా. పెళ్ళిళ్ళ సంగతి ఇంతకంటే అన్యాయం. వాహనాలు నిలిపే చోటు లేని షాదీఖానాను బుక్ చేసి, రాత్రి పదకొండింటికి వలీమా పెట్టి, బరాత్‌ను జాతీయ రహదారి మీద నడిపిస్తున్నాం. హాలు మాట్లాడుకునేటప్పుడు బిర్యానీ ఎన్ని దేగ్‌లు అని అడిగే పెద్దలు, కార్లు ఎక్కడ నిలుపుతారని ఒక్కమాట అడిగితే యజమానులు తామే దారికి వస్తారు. ఇంటి ముందు మెట్లు వీధిలోకి రెండడుగులు తెచ్చేవారికి ఏడు మూరల హదీసు పైన చెప్పాము, మళ్ళీ చెప్పం. ప్లాటు కొనేవారు మాత్రం ఒక పని చేయాలి. నక్షాలో రోడ్డు వెడల్పు చూసి సంతోషించి రాకూడదు. టేపు పట్టుకుని వెళ్ళి నేల మీద కొలవాలి. ఆ వీధి చివర గోడ ఉందో, పక్క కాలనీకి దారి ఉందో చూడాలి. బస్సు స్టాపు దాకా ఒకసారి నడవాలి, అదీ ఇంట్లోని ఆడవారిని వెంటబెట్టుకుని.

అధికారులు చేయవలసిన వాటిలో వంతెనల వంటి వందల కోట్ల పనులు ఎలాగూ వారికి గుర్తుంటాయి. గుర్తు చేయవలసినవి చిన్నవి. కాలనీకి కాలనీకి మధ్య గోడలున్న చోట నాలుగైదు గజాలు సేకరించి దారులు కలిపితే పాలపొట్లం స్కూటరు, బడి ఆటో రహదారి ఎక్కవలసిన పని ఉండదు. ఇప్పుడు అన్నీ ఒకే నగరపాలన కిందికి వచ్చాయి గనుక ఆ ఊరి సరిహద్దు, ఈ ఊరి సరిహద్దు అన్న సాకు చెల్లదు.

అన్నిటికంటే ముందు రైలు. హైదరాబాదుకు వాడి నుండి రైలు వచ్చింది 1874లో, బొగోర్ మార్గం తెరిచిన మరుసటి ఏడు. ఆ మార్గాన్నే 1880ల దశకంలో వరంగల్ వైపు పొడిగించినప్పుడు ఘట్‌కేసర్‌కు పట్టాలు వచ్చాయి. అంటే ఈ ఊరికి తారురోడ్డు కంటే ముందు రైలు తెలుసు. నగరంలో ఎం.ఎం.టి.ఎస్. బండ్లు 2003లో మొదలైతే, అవి ఘట్‌కేసర్ చేరడానికి 2024 మార్చి దాకా పట్టింది. మౌలాలి, సనత్‌నగర్ మీదుగా లింగంపల్లికి ఆ సర్వీసును ప్రారంభించారు. దానికోసం మౌలాలి - ఘట్‌కేసర్ నడుమ అదనపు పట్టాలు కూడా వేశారు. 2025 జనవరిలో చర్లపల్లిలో పెద్ద టెర్మినల్ ప్రారంభమైంది. ఇంత సొమ్ము పోసి, బండ్లు మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టేటన్నే నడిపితే జనం ఎలా ఎక్కుతారు? జనం లేరు కనుక బండ్లు వేయం అంటారు. బండి లేదు కనుక జనం రారు. ఉదయం ఏడు నుండి పది దాకా, సాయంత్రం ఐదు నుండి తొమ్మిది దాకా అరగంటకొక బండి ఒక ఏడాది పాటు నడిపి చూడమని దక్షిణ మధ్య రైల్వేను అడుగుదాం. ఘట్‌కేసర్, చర్లపల్లి స్టేషన్లకు కాలనీల నుండి చిన్న బస్సులు వేయమని ఆర్టీసీని అడుగుదాం. ఈ రెండు కోరికలతో ఒక అర్జీ రాసి, కాలనీ సంఘాలు, మస్జిదు కమిటీలు, గుడి కమిటీలు, కళాశాలలు కలిసి సంతకాలు చేసి రైల్వే డివిజనల్ మేనేజరుకు పంపవచ్చు. కొత్త టైంటేబులు తయారయ్యే లోపే అది చేరాలి.